పాత తోట ట్రాక్టరుకు కొత్తగా వైరింగ్ వేయడం ఎలా?

పాతకాలపు డీజిల్ ఇంజను ఒకసారి అందుకున్నాక కరెంటు లేకపోయినా నడుస్తూనే ఉంటుంది కాబట్టి, పండ్లతోటల్లో తిరిగే పాత చిన్న ట్రాక్టర్లలో వైరింగ్ ఎంత చెడినా తోసి స్టార్ట్ చేసుకుంటూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంటారు. సెల్ఫ్ (ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే మోటారు) బరువుగా తిరిగినా, లైట్లు మసకబారినా ముందుగా అనుమానించేది బ్యాటరీనే. కానీ దాన్ని మార్చే ముందు ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బండి ఇనుముకు కలిపే కనెక్షన్, చూడాలి.

మల్టీమీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, రెండోదాన్ని ఇంజను బ్లాకు మీద రంగు లేనిచోట ఆనించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించండి. రీడింగు 0.3 వోల్టులు దాటితే ఎర్త్ కేబులులోనో, అది కలిసేచోటో దోషం ఉన్నట్టే. మళ్లీ రంగు వేయించిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. పెయింటర్ బోల్టు కింద కూడా రంగు పూసేస్తాడు. ఆ చోటును గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, లగ్గును (కేబులు చివర ఉండే లోహపు కొనను) గట్టిగా బిగించి, ఆ తర్వాతే పైన వాసెలిన్ పూయాలి.

ఇంత చేసినా ఫలితం లేకపోతే, లేదా వైర్లపై తొడుగు పెళుసుబారి రాలిపోతుంటే, మొత్తం మార్చడమే మేలు. విప్పేముందు ఫోటోలు తీసి, ప్రతి వైరుకూ చీటీ కట్టండి. బ్యాటరీ నెగటివ్‌ను ముందుగా విప్పి, చివర బిగించాలి. పాజిటివ్‌ను ముందు విప్పబోతే పానా బాడీకి తగిలి షార్ట్ అవుతుంది.

ఇంటి వైరింగులో వాడే ఒంటితీగ వైరు కుదుపులకు తెగుతుంది కాబట్టి, సన్నని రాగి పోగులు అనేకం ఉన్న ఆటో వైరునే కొనండి. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి, వాటికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఇండికేటర్లకు 1 చదరపు మిల్లీమీటరు చాలు. సెల్ఫ్, చల్లని ఇంజనును వేడిచేసే హీటరు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైర్లు మాత్రం పాతవాటికంటే సన్నగా ఉండకూడదు. ఫ్యూజు పోయినప్పుడు రాగి పోగు చుట్టే అలవాటు బండిని కాల్చేయగలదు.

వైర్లను సైలెన్సరుకు, ఫ్యాను బెల్టుకు దూరంగా నడిపి, రేకు రంధ్రాల్లో రబ్బరు బుష్షులు పెట్టాలి. లగ్గులను టంకం పెట్టడం కంటే క్రింపింగ్ పనిముట్టుతో నొక్కడం మంచిది, ఎందుకంటే టంకం పాకినంత మేర వైరు బిరుసెక్కి, ఆ అంచు దగ్గరే విరుగుతుంది. క్లచ్ దగ్గరో గేరు దగ్గరో ఉండే సేఫ్టీ స్విచ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ తప్పించవద్దు. గేరులో ఉన్న ట్రాక్టరుకు కింద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ కొడితే అది మనిషి మీదికే వస్తుంది.

చివరగా, స్విచ్చులన్నీ ఆపి, నెగటివ్ టెర్మినల్‌కూ దాని కేబులుకూ మధ్య 12 వోల్టుల చిన్న బల్బు పెట్టి చూడండి. అది వెలిగితే ఎక్కడో కరెంటు కారుతోంది. వెలగకపోతే కేబులు బిగించి ఇంజను నడపవచ్చు. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో మధ్యస్థ వేగం వద్ద బ్యాటరీపై 13.8 నుంచి 14.4 వోల్టులు కనిపించాలి. నడుస్తుండగా బ్యాటరీ వైరు తీస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి.

తర్వాత నెలకోసారి టెర్మినళ్ల మీది చిలుము వేడినీటితో కడిగి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకోవాలి. పనిలేని రోజుల్లో నెగటివ్ విప్పి ఉంచి, ఎలుకలు కొరికాయేమోనని బోనెట్ ఎత్తి చూశాకే మళ్లీ బిగించండి.