పావులన్నీ పోగొట్టుకుంటేనే గెలుపు: యాంటీచెస్ ఆడే పద్ధతి

యాంటీచెస్‌లో తన పావులన్నిటినీ ఎదుటివారి చేత ముందుగా చంపించుకున్నవారే విజేత. బల్ల, పావుల అమరిక, వాటి నడక అన్నీ మామూలు చదరంగానివే. మారేవి ప్రధానంగా రెండు నియమాలు.

మొదటిది, చంపే అవకాశం ఉన్నప్పుడు చంపి తీరాలి. ఒకటికి మించి అవకాశాలు ఉంటే ఏ పావుతో దేనిని చంపాలన్నది మాత్రం ఆటగాడి ఇష్టం. ఈ ఆటలోని నేర్పంతా ఆ ఎంపికలోనే ఉంది. రెండవది, రాజు కూడా మిగతా పావుల వంటివాడే. అతనికి చెక్ గాని, ఆటకట్టు గాని లేవు, అతన్ని చంపినా ఆట ఆగదు. రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపే క్యాస్లింగ్ చేయరాదు. చివరి వరుసకు చేరిన బంటును మంత్రి, ఏనుగు, శకటం, గుర్రాలలో దేనిగానైనా, కావాలంటే రాజుగా కూడా మార్చుకోవచ్చు.

పావులు మిగిలి ఉన్నా కదపడానికి ఎత్తు లేకపోతే, అలా చిక్కుకున్నవారే గెలిచినట్లు అని లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగ వేదికలో లెక్క. అటువంటప్పుడు తక్కువ పావులున్నవారికి గెలుపు ఇచ్చే పద్ధతి కూడా ఉంది కనుక, ఎదురెదురుగా కూర్చుని ఆడేవారు ఈ సంగతి ముందే తేల్చుకోవడం మంచిది.

మామూలు చదరంగపు అలవాట్లు ఇక్కడ మొదటి ఎత్తులోనే ముంచుతాయి. తెల్లవారు మంత్రి ముందున్న బంటును డి3కి జరిపారనుకుందాం (తెల్లవారి వైపు నుంచి చూస్తే నిలువు వరుసలకు ఎడమ నుంచి ఎ, బి, సి అంటూ అక్షరాలు, అడ్డ వరుసలకు కింది నుంచి 1, 2, 3 అంటూ అంకెలు). సి1లోని శకటానికి దారి తెరుచుకుంటుంది. నల్లవారు వెంటనే జి5కి బంటును తోస్తే ఆ శకటం దాన్ని చంపక తప్పదు. అక్కడి నుంచి దాని ఐమూలలో ఇ7 బంటు ఉంది కాబట్టి, నల్లవారు తమ శకటాన్ని జి7కి తెచ్చి ఊరుకున్నా, తెల్లవారు మరుసటి ఎత్తులో ఆ బంటునూ చంపవలసిందే. అప్పుడు నల్లవారికి చంపే అవకాశాలు ఒకటికి మించి ఉంటాయి కనుక, బి2 మీదికి దారి తెరుచుకున్న తమ శకటాన్ని ఎప్పుడు వాడాలో తామే నిర్ణయించుకుంటారు. డి3 ఒక్కటే కాదు, డి4, ఇ4 కూడా తెల్లవారిని ఓటమికి నడిపించే ఎత్తులే. మరోవైపు, ఇ3తో మొదలుపెడితే తెల్లవారు తప్పక గెలవగలరని గణిత శాస్త్రవేత్త మార్క్ వాట్కిన్స్ 2016లో కంప్యూటర్ల సాయంతో నిరూపించారు. అయినా ఆ దారి అంతా గుర్తుంచుకోవడం మనిషికి సాధ్యం కాదు గనుక ఆటలోని రుచి తగ్గలేదు.

కొత్తవారు ప్రతి ఎత్తుకూ ముందు, తాము కదిపాక ఎదుటివారికి ఎన్ని రకాలుగా చంపే వీలుంటుందో చూసుకోవాలి. ఒక్కటే ఉంటే ఆట పగ్గాలు తమ చేతిలో ఉన్నట్లే. దూరం పోగల మంత్రిని, శకటాలను ఎదుటివారు ఇలా వరుసగా లాక్కుపోగలరు కాబట్టి వాటిని వీలైనంత త్వరగా వదిలించుకోవడం మేలు. ఆట చివర ఇద్దరికీ ఒక్కో శకటమే మిగిలి, అవి వేర్వేరు రంగు గళ్లలో తిరుగుతుంటే, ఒకదాన్ని మరొకటి ఎన్నటికీ చంపలేదు. ఆట డ్రా అవుతుంది.