కుటుంబ, యౌవనస్థుల పరిచర్యకు సంఘ నాయకుల్ని తయారు చేయడం

ముందు తేదీలు చూసుకోండి. సిక్కోలు, విజయనగరం పల్లెల్లో శిక్షణ పాడయ్యేది ఎక్కువగా అక్కడే. తీరం వెంబడి సంఘాలకు వేట నిషేధ కాలం, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, బాగా కుదురుతుంది. పడవలు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు దొరుకుతారు. ఉద్దానంలో అప్పుడే జీడిపిక్కలు ఏరే పని కాబట్టి అక్కడ వద్దు. వరి ఊళ్లలో ఉభాలు (నాట్లు) అయ్యేదాకా ఆగాలి. డిసెంబర్‌లో క్రిస్మస్ పనులు, ఆ సంగతి చెప్పక్కర్లేదు. మూడు రోజుల సెమినార్ పెడితే భోజనాలు గుర్తుంటాయి, పాఠాలు గుర్తుండవు. ఎనిమిది శనివారాలు, సాయంత్రం రెండేసి గంటలు పెట్టండి. మధ్య వారంలో ఇంటి పని ఇవ్వండి.

వంద కుటుంబాల సంఘానికి ఆరుగురు చాలు: రెండు జంటలు, ఒక యువకుడు, ఒక యువతి. గిటారు వాయిస్తాడనో, పాస్టర్ గారి అబ్బాయనో ఎంచుకోకండి. 1 తిమోతి 3:4-5 చదివి, ఆ మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో ఆయన భార్యను పాస్టరమ్మ గారు విడిగా అడగాలి. ఆమె తడబడితే ఆ పేరు పక్కన పెట్టేయండి.

మొదటి రెండు వారాలు ద్వితీయోపదేశకాండము 6:4-9. పిల్లలకు నేర్పమన్న మాట అక్కడ ఇంటికి చెప్పింది, సండే స్కూల్ టీచర్‌కి కాదు. పావుగంట కుటుంబ ప్రార్థన నడపడం చేతికి రావాలి: ఒక పాట (పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తన అయితే అవ్వలూ గొంతు కలుపుతారు), ఐదారు వచనాలు, ఒక ప్రశ్న, తలో వాక్యం ప్రార్థన. ఇది చెడేది రెండు చోట్ల. తండ్రి అరగంట ప్రసంగం అందుకుంటాడు, లేదా "ప్రభువా, వీడికి బుద్ధి ఇయ్యి" అని ప్రార్థనలోనే పిల్లాణ్ణి తిట్టేస్తాడు. తండ్రి హైదరాబాద్‌లో తాపీ పనికో, గుజరాత్‌లోని వెరావల్‌లో పడవ మీదికో పోయిన ఇల్లు మన దగ్గర మామూలే. అక్కడ తల్లే నడపాలి. తిమోతి అవ్వ లోయిని, తల్లి యునీకేను చూపించండి (2 తిమోతి 1:5). వారానికొక రోజు వీడియో కాల్‌లో ఆయన చేత ఒక వచనం చదివిస్తే సరిపోతుంది.

తర్వాతి మూడు వారాలు వాళ్లను ఇళ్లకు పంపండి, ఇద్దరిద్దరిని. నలభై నిమిషాలు మించొద్దు. మొదటి ఇరవై నిమిషాలు బైబిలు తెరవకూడదు. గుమ్మం దగ్గర కూర్చుని "పెద్దోడు ఏం చదువుతున్నాడమ్మా? నాన్న ఫోన్ చేస్తున్నాడా?" అని అడిగి ఊరుకోవాలి. ఆమె చెబుతుండగా సలహా నోటిదాకా వస్తుంది, మింగేయాలి. తాగి ఉన్న మనిషితో వాదన పెట్టుకోవద్దు, పొద్దున్న మళ్లీ వెళ్లండి. ఇక అన్నిటికంటే చేటు: విన్న సంగతి ఆదివారం 'ప్రార్థన అంశం' అయిపోవడం. ఒక్కసారి అలా జరిగితే ఆ ఇంటి తలుపు మళ్లీ తెరుచుకోదు.

ఆరు, ఏడు వారాలు యౌవనస్థుల పని. 13-17 ఏళ్లవాళ్లను, పైవాళ్లను వేరుగా కూర్చోబెట్టండి. డెబ్భై ఐదు నిమిషాల్లో పాటలకు పది, వాక్యానికి ఇరవై, ఐదుగురేసి మాట్లాడుకోవడానికి ముప్ఫై, ప్రార్థనకు పదిహేను. వాక్యం గంటకు సాగిందా, వెనక బెంచీలో ఫోన్లు బయటికొస్తాయి. పేరు రాయని చీటీల డబ్బా పెట్టండి. ప్రేమ, ఇంటర్ ఫెయిల్, అప్పుల యాప్‌లు అన్నీ అందులో పడతాయి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండని నిశ్చితార్థానికి నాయకులెవరూ ప్రార్థన చేయకూడదు.

పిల్లలతో ఒంటరిగా, తలుపు వేసిన గదిలో ఉండొద్దు, రాత్రి విడి మెసేజ్‌లు వద్దు. 18 ఏళ్లలోపు బిడ్డపై లైంగిక వేధింపు తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి కూడా ఫోన్ చేయొచ్చు. బిడ్డను పదిమంది పదిసార్లు అడగొద్దు, పెద్దల మధ్య సర్దుబాటు అసలే వద్దు.

ఎనిమిదో వారం సర్టిఫికెట్లు పంచకుండా తలో మూడు ఇళ్లు అప్పగించండి, మూడు నెలలకు. నెలకోసారి పాస్టర్ గారు గంటసేపు వాళ్లతో కూర్చోవాలి. నోటు పుస్తకంలో తేదీ, ఇంటిపేరు, మళ్లీ వెళ్లే రోజు మాత్రమే రాయాలి. ఇంటి గుట్టు రాస్తే ఆ పుస్తకం ఎప్పుడో ఒకప్పుడు ఎవరి చేతికో చిక్కుతుంది.