మాస్ట్ మార్చే ముందు రెక్క తడిమి చూడండి: తెడ్డు ఫాయిల్ సమస్యలు - పరిష్కారాలు

“అన్నా, మాస్ట్ పొట్టిదైపోయింది. ఎనభై అయిదుది తెప్పించుకోవాలి.”

వానాకాలం కెరటాలు మొదలయ్యాయంటే నాకు వచ్చే ఫోన్లలో మొదటి మాట ఇదే. నేను అడిగేదీ ఎప్పుడూ ఒకటే: “రెక్కని చేత్తో తడిమి చూశావా?” అవతల కాసేపు చప్పుడుండదు.

బారువ నుంచి కళింగపట్నం మీదుగా ఇటు చింతపల్లి దాకా, నిలబడి తెడ్డేసే బోర్డుకి ఫాయిల్ (బోర్డుని నీటి పైకి లేపే రెక్కల అమరిక) బిగించి కెరటం ఎక్కేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే. శని, ఆదివారాల్లో విశాఖ నుంచి వచ్చేవాళ్లని కలుపుకుంటే ఇంకో నలుగురు. ఇంత తక్కువమందిమి ఉన్నా అందరిదీ ఒకటే జబ్బు. బోర్డు కాస్త తేడా చేస్తే తప్పు మాస్ట్ పొడవు మీదికి నెట్టేస్తాం. బోర్డుకీ రెక్కలకీ మధ్య కాడలాగా నిలబడి కంటికి కనిపించేది అదే కదా. పైగా దాని సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, డబ్బులిస్తే ఇంకో సైజు వస్తుంది. అందుకని కొనేస్తారు.

ఫాయిల్ బిగించడం, బోర్డు మీద నిలదొక్కుకోవడం, కెరటం అందుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

బాగా వెళ్తూ వెళ్తూ ఒక్కసారిగా కూలిపోతోంది

కూలిన క్షణంలో బోర్డు నీటికి ఎంత ఎత్తులో ఉందో గుర్తు తెచ్చుకోండి. సగం జవాబు అందులోనే ఉంది.

బాగా పైకి లేచి, బుస్సుమని చప్పుడు చేసి కూలిందంటే ముందు రెక్క నీటి పైకి వచ్చేసినట్టు. రెక్క పైవైపు ఒత్తిడి తక్కువగా ఉంటుంది. నీటి పైభాగానికి దగ్గరైతే అది గాలిని లాక్కుంటుంది, గాలి చొరబడితే రెక్కకి మోసే బలం పోతుంది. ఇక్కడ కూడా మాస్ట్‌ని అనడానికి తొందరపడొద్దు. బేస్ ప్లేటు, అంటే మాస్ట్‌ని బోర్డుకి బిగించే పలక, బోర్డు అడుగున ఉండే ట్రాక్ గాడిలో మరీ ముందుకి ఉంటే బోర్డు ముక్కెత్తి ఎక్కుతూనే ఉంటుంది. అలాంటి బోర్డుకి మీటరు మాస్ట్ పెట్టినా చివరికి రెక్క నీటి పైకే తేలుతుంది. ప్లేటుని వెనక్కి ఒక్క సెంటీమీటరు జరపండి. ఒక్కటే, మూడు కాదు. నీళ్లలోకి వెళ్లి చూసి, చాలకపోతే ఇంకో సెంటీమీటరు.

నిటారుగా వెళ్తున్నంతసేపూ బాగుండి, మలుపు తిప్పినప్పుడే కూలుతుంటే మాత్రం మాస్ట్ పొట్టిదన్న మాటకి అర్థం ఉంది. లెక్క వేద్దాం. ముందు రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 100 సెంటీమీటర్లు. బోర్డు నీటికి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, మీరు 30 డిగ్రీలు ఒరిగారు. 60 మాస్ట్ అయితే పైకి లేచిన రెక్క కొస నీటి కింద 7 సెంటీమీటర్లలో ఉంటుంది. 75 అయితే 20. అంటే ఒకటి బెత్తెడు, ఇంకోటి దాదాపు జానెడు. కెరటం మీద నీళ్లు ఎప్పుడూ గతుకుగానే ఉంటాయి కాబట్టి బెత్తెడు లోతు చాలదు. పెద్ద రెక్క, పొట్టి మాస్ట్, పదునైన మలుపు, ఈ మూడూ కలిస్తే కుదరదు. మలుపు తగ్గించుకోండి, లేదా పొడుగు మాస్ట్ వేయండి.

ఇప్పుడు మూడో రకం. బోర్డు నీటికి జానెడు ఎత్తులోనే ఉంది, రెక్క లోతుగానే ఉంది, మలుపూ లేదు. అయినా కూలుతోంది, అదీ ప్రతిసారీ ఒకే పక్కకి. ఇది మాస్ట్ పొడవు సమస్య కానే కాదు. లోతులో ఉన్న రెక్కని ఇంకా లోతుకి దించితే ఏం లాభం?

టంగూసు

మూడేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. జూలై, కళింగపట్నం. అప్పుడు నాది 60 మాస్ట్. కెరటం అందుకుని లేవగానే రెండు మూడు క్షణాలు బాగానే ఉండేది, వేగం అందుకోగానే ఎడమకి ఒరిగి పడేసేది. వారం రోజులు నా కాళ్లని తిట్టుకున్నాను. తర్వాత మాస్ట్‌ని తిట్టి, 85ది తెప్పించాను. దాని ఖరీదు ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

కొత్త మాస్ట్ వేసుకుని వెళ్తే అదే ఎడమ, అదే పడిపోవడం. తేడా ఒక్కటే, ఈసారి ఇంకా ఎత్తు నుంచి పడ్డాను. ఆటు మీద ఉన్న సమయం కావడంతో వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర రెక్క ఇసుక మేటకి తగిలి మోకాలు కూడా చీరుకుపోయింది. ఒడ్డుకొచ్చి బోర్డు తిరగేసి కూర్చున్నాను. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి, ముందు రెక్క అంచు మీద వేలు పెట్టి మెల్లగా లాగాడు. ఒకచోట వేలు ఆగింది.

“ఏటి బావూ, టంగూసు ముక్క ఇలాగొగ్గీసినావేటి? కాలికి వల సుట్టుకుంటే నువ్వు నడగ్గలవేటి?”

ముందు రెక్కనీ వెనక రెక్కనీ కలిపే కడ్డీ ఉంటుంది కదా, ఫ్యూజ్‌లాజ్, దానికి రెక్క కలిసే సందులో ఇరుక్కుని, అంచు మీదుగా పైకి వచ్చి, బోల్టు తల వెనక్కి పోయింది ఒక్క టంగూసు పోగు, వలలు అల్లే నైలాన్ దారం. తడిసిన రెక్క మీద అది కంటికి ఆనదు. ఆరిన తర్వాత వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనిపించలేదు. మాస్ట్ మార్చినప్పుడు ముందు రెక్కని ఫ్యూజ్‌లాజ్ నుంచి విప్పలేదు కాబట్టి ఆ పోగు పాత మాస్ట్ కింద నుంచి కొత్త మాస్ట్ కిందకి భద్రంగా వచ్చేసింది.

వెంట్రుకంత పోగు మనిషిని పడేస్తుందా అంటే, పడేస్తుంది. రెక్క మోసేది దాని మీద నీళ్లు అతుక్కుని పారినంతసేపే. ముందు అంచు మీద అడ్డంగా పోగు ఉంటే దాని వెనక నీళ్లు సుడులు తిరిగి రెక్కని వదిలేస్తాయి. ఆ పక్క బలం తగ్గుతుంది, ఈ పక్క అలాగే ఉంటుంది, బోర్డు బలం తగ్గిన పక్కకి ఒరుగుతుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు తెలియదు, పెరిగాకే బయటపడుతుంది. పోగు రెక్కకి కాకుండా మాస్ట్‌కే చుట్టుకుంటే నీళ్లు చిమ్ముతూ మాస్ట్ వెంబడి గాలిని కిందికి దించుతుంది, అది ఇంకో తంటా.

దీన్ని పట్టుకోవడానికి గుర్తులున్నాయి. నిన్నటి దాకా బాగున్న బోర్డు ఇవాళ చెడింది, మీరు ఏ బోల్టూ ముట్టుకోలేదు. పడటం ఎప్పుడూ ఒకే పక్కకి. అన్నిటికన్నా మంచి గుర్తు చప్పుడు. వేగం అందుకోగానే కింద నుంచి సన్నగా ‘మ్‌మ్’ అని తీగ మీటినట్టు మోత వస్తుంది. బిగిసిన టంగూసు నీళ్లలో అలాగే మోగుతుంది. మోత కొత్తగా మొదలైందంటే ఒడ్డుకి వచ్చేయండి.

ఈ ఫిర్యాదు జూన్ మూడో వారం నుంచి ఎక్కువవుతుంది, దానికీ కారణం ఉంది. మన తీరంలో మర పడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అది ఎత్తేయగానే అందరి వలలూ ఒకేసారి నీళ్లలో పడతాయి. మనకి మంచి కెరటాలు వచ్చేదీ అప్పుడే. తెగిన ముక్కలు కెరటాలతో పాటు ఒడ్డు వైపే వస్తాయి.

వెతకడానికి కళ్లు పనికిరావు, దూది కావాలి. చిన్న ఉండ తీసుకుని ముందు రెక్క అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకి లాగండి. తర్వాత వెనక రెక్క, ఆ తర్వాత మాస్ట్ ముందు అంచు. దూది పోగు పట్టుకున్న చోట ఆగండి. రెక్క ఫ్యూజ్‌లాజ్‌తో కలిసే సందు, మాస్ట్ ఫ్యూజ్‌లాజ్‌లోకి దిగే మూల, వెనక రెక్క బోల్టులు, ఈ మూడు చోట్లా గోటితో కూడా గీకి చూడండి. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు ఎవ్వరూ పెట్టరు.

టంగూసు దొరికితే లాగకండి. లాగిన కొద్దీ ఇంకా బిగిసిపోతుంది. గోళ్ల కట్టర్‌తో రెండు చోట్ల తుంచి, బోల్టు వదులు చేసి, సందులో ముక్క మిగలకుండా తీయండి. తీసిన ముక్కని ఇసుకలో పారేయొద్దు, జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోండి. శీతాకాలం చివర ఇదే ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

ఇంకో మాట. తెగిన ముక్క వేరు, వేసి ఉన్న వల వేరు. బెండ్లు వరసగా తేలుతూ కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లండి. పొరపాటున తగులుకుంటే కత్తి తీయకుండా బోర్డు దిగి నెమ్మదిగా విడిపించుకోండి. అది ఒకరి కూడు.

దూది పట్టుకున్న చోట టంగూసు లేకపోతే అంచుకి గీత పడిందన్నమాట. అది చేసే పనీ ఇంచుమించు ఇదే. 400 నంబరు నీటి ఎమిరీ కాగితంతో, తర్వాత 600తో అంచు వెంబడి మెల్లగా రుద్దండి. లోతుగా తెగితే ఎపాక్సీతో నింపి, ఆరాక రుద్దండి. అంచు ఆకారం మార్చే పని మాత్రం పెట్టుకోకండి.

లేచాక బోర్డు అడుగు కెరటాలకి తగిలి వేగం చస్తోంది

ఇది మాత్రం నిజంగా మాస్ట్ పొట్టితనమే. గాలి పడ్డ మధ్యాహ్నాల్లో నీళ్లు గతుకుగా ఉన్నప్పుడు 60 మాస్ట్ మీద ఇది తప్పదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆ తగలడమే మేలు. బోర్డు నీటికి తగిలి మళ్లీ లేస్తుంది, మీరు తక్కువ ఎత్తు నుంచి పడతారు. తగలడం చిరాకు పుట్టించే రోజు వచ్చిందంటే 70 - 75కి వెళ్లే రోజు వచ్చినట్టే. లేదా పొద్దున్నే, గాలి లేవక ముందు వెళ్లండి. దానికి ఖర్చు లేదు.

రెక్క ఇసుకకి తగులుతోంది

మాస్ట్ పొడుగైంది, లేదా మీరు ఆటు పోటు చూసుకోకుండా వచ్చారు. మనవైపు అమావాస్యకీ పౌర్ణమికీ ఆటు పోట్ల మధ్య నీటిమట్టం మీటరు పైనే మారుతుంది. మీ మాస్ట్ పొడవంత నీళ్లు వచ్చి పోతున్నాయన్నమాట. మొగల దగ్గర, అంటే కళింగపట్నంలో వంశధార, కళ్లేపల్లి వైపు నాగావళి, బారువలో మహేంద్రతనయ కలిసేచోట ఇసుక మేటలు ఉన్నచోట ఉండవు. మొన్న లోతున్న చోట ఇవాళ మోకాలి లోతు ఉంటుంది.

తెడ్డుకి రంగు టేపు చుట్టండి. తెడ్డు ఆకు కొస నుంచి కొలిచి, మాస్ట్ పొడవుకి ఇంకో 30 సెంటీమీటర్లు కలిపిన చోట చుట్టాలి. ఎక్కేచోట, దిగేచోట తెడ్డు నిలువుగా గుచ్చండి. టేపు మునగకపోతే అక్కడ ఫాయిల్ లేపొద్దు. తిరిగి వచ్చేటప్పుడు ఛాతీ లోతులోనే దిగిపోండి. ఒడ్డు దాకా ఎగురుకుంటూ రావాలన్న సరదా వల్లే రెక్కలు విరుగుతాయి.

చింతపల్లి వెళ్లేవాళ్లకి: అక్కడ లైట్‌హౌస్ ఊరికే కట్టలేదు, నీళ్లలో రాళ్లున్నాయి. స్థానిక వేటగాళ్లని అడగకుండా ఏ మాస్ట్‌తోనూ దిగొద్దు.

పొడుగు మాస్ట్ వేశాక కాళ్ల కింద వణుకు

బోర్డు తిరగేసి దుప్పటి మీద పెట్టండి. ఒకరు రెక్క కొస పట్టుకుని అటూ ఇటూ ఆడించాలి, ఇంకొకరు జాయింట్ల మీద వేలు ఆనించి ఉంచాలి. ‘టక్’ అని వేలికి తెలిస్తే అది బోల్టు వదులు. బోర్డుని ఇసుకలో పడుకోబెట్టి బిగిస్తే జాయింట్‌లో రేణువులు ఇరుక్కుంటాయి. అప్పటికి గట్టిగానే ఉంటుంది, నీళ్లలోకి వెళ్లాక రేణువులు కడుక్కుపోయి బోల్టు వదులవుతుంది. మంచినీళ్లతో కడిగి, తుడిచి, మళ్లీ బిగించండి. ప్లేటు బోల్టులు నాలుగూ మూలకి మూల చొప్పున, ఎదురెదురుగా. అల్యూమినియంలోకి దిగే స్టీలు బోల్టుకి మెరైన్ గ్రీజు రాయండి, లేకపోతే ఉప్పునీటికి రెండూ అతుక్కుపోయి విప్పేటప్పుడు బోల్టు తల పోతుంది.

ఎక్కడా ‘టక్’ లేదు, అయినా మలుపులో వణుకుతోందంటే మాస్టే మెలి తిరుగుతోంది. పొడుగు అల్యూమినియం మాస్ట్‌కి పెద్ద రెక్క బిగిస్తే అంతే. మాస్ట్ ఒక సైజు తగ్గించండి, లేదా డబ్బుంటే కార్బన్‌ది వేయండి.

అసలు లేవడమే లేదు

మాస్ట్ పొడవుకీ దీనికీ సంబంధం లేదు. వేగం, కాళ్ల చోటు, ట్రాక్‌లో ప్లేటు చోటు చూసుకోండి.

మాస్ట్ వంగడం, బోర్డు లోపల ట్రాక్ పెట్టె ఊడటం, ఫ్యూజ్‌లాజ్ చీలడం లాంటివీ ఉంటాయి. అవి కంటికి కనిపిస్తాయి, చాలా అరుదు కూడా. వాటి గురించి ముందే టెన్షన్ పడొద్దు.

ఇన్ని చూశాక కూడా మాస్ట్ కొనాల్సిందేనంటే

మీ ఎత్తు, బరువు చెప్పి ఏ సైజు కొనాలని అడగకండి. బరువుని బట్టి మార్చాల్సింది రెక్క సైజు. మాస్ట్ పొడవు తేల్చేది మీ ఒడ్డు లోతు, మీ కెరటం గతుకు, మీరు ఒరిగే కోణం. మన ఒడ్డుకి ఒక్కటే కొనేవాళ్లు 75 కొనండి, లేదా మీ కంపెనీలో దానికి దగ్గరగా ఉన్నది. మొదటి సీజన్ వాళ్లు 60 అద్దెకో అరువుకో తెచ్చుకోండి, నాలుగు నెలల్లో దాన్ని దాటిపోతారు. 85 అనేది మేటలు దాటి బయట పెద్ద కెరటం పట్టుకునేవాళ్లకి. దాంతో నీళ్లలోకి దిగాలన్నా నడుము పైకి నీళ్లుండాలి, నిలబడి తెడ్డేసేటప్పుడు బోర్డు తిప్పడం కూడా బరువవుతుంది.

కొత్త మాస్ట్ బిగించిన రోజు ట్రాక్‌లో పాత గుర్తుకే పెట్టి పెద్ద కెరటానికి వెళ్లొద్దు. చిన్న కెరటం మీద ముక్కు లేస్తోందా, దిగుతోందా చూసుకుని సెంటీమీటరు చొప్పున సర్దండి. మాస్ట్ ఒక్కటే మార్చి ఊరుకోకుండా, ఆ రోజే ముందు రెక్కని కూడా ఫ్యూజ్‌లాజ్ నుంచి విప్పి సందు చూడండి.