మావోయిస్టుల దాడిలో ఇంటి మనిషి చనిపోతే కేంద్ర సాయానికి దరఖాస్తు ఎలా?

కోనసీమలో కాలవగట్టున ఉండేవాళ్లకు ఈ పథకంతో పనేంటి అనుకోవచ్చు. కానీ ఎండుచేపలు, కొబ్బరికాయలు వేసుకుని ఏజెన్సీ సంతలకు వెళ్లేవాళ్లు, చింతూరు వైపు రోడ్డు పనులకు, బోరు బండ్ల మీద ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. పోలీసు ఇన్‌ఫార్మర్ అన్న నెపంతో మావోయిస్టులు చంపినా, మందుపాతర పేలి చనిపోయినా ఆ కుటుంబానికి కేంద్ర హోంశాఖ పథకం కింద 5 లక్షలు వస్తాయి. 2008లో మొదలైన ఈ పథకాన్ని 2009లో నక్సల్ హింసకూ వర్తింపజేశారు. అప్పట్లో 3 లక్షలే ఇచ్చేవారు, 2016లో పెంచారు. 50 శాతం, ఆపైన శాశ్వత వైకల్యం వచ్చినవాళ్లకూ ఇదే మొత్తం. లారీ తగలబెట్టారు, సరుకు పోయింది అంటే మాత్రం ఈ పథకంలో పైసా రాదు.

ఎఫ్‌ఐఆర్‌లో ఏం రాశారు?

అర్జీ ఎంత బాగా రాశామన్నది కాదు, ఫైలు నడిచేది పోలీసు కాగితం మీద. 'గుర్తు తెలియని వ్యక్తులు కొట్టి చంపారు' అని మాత్రమే ఉంటే అది మామూలు హత్య కేసే. చేసింది మావోయిస్టులని ఎస్పీ నివేదికలో రావాలి. శవం దగ్గర లేఖ దొరికినా, ముందు రోజు రాత్రి ఊళ్లోకి ఎవరైనా వచ్చి పేరు పెట్టి పిలిచినా, ఆ సంగతి మొదటి వాంగ్మూలంలోనే చెప్పండి. ఏడుపులో ఉన్న మనిషికి ఇదంతా తట్టదు. అందుకే స్టేషన్‌కు వెళ్లేటప్పుడు రాయడం వచ్చిన బంధువును ఒకరిని వెంట పెట్టుకోండి. సంతకం పెట్టేముందు చదివించుకుని వినండి. కాపీ ఉచితంగానే ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఘటన జరిగిన చోటి స్టేషన్‌కు అంత దూరం వెళ్లలేకపోతే మీ ఊరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించవచ్చు, దాన్ని వాళ్లే అక్కడికి పంపుతారు.

కాగితాలు

ఎఫ్‌ఐఆర్‌తో పాటు శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, కాబట్టి మన పంచాయతీ చుట్టూ తిరిగి లాభం లేదు. 21 రోజుల్లోపు నమోదైతే చిక్కుండదు. కుటుంబ సభ్యుల పత్రానికి మాత్రం మన సచివాలయంలోనే పెట్టుకోవాలి, తహసీల్దార్ ఇస్తారు. వికలాంగులైతే సదరం సర్టిఫికెట్.

పేర్లు ఒక్కటి చూసుకోండి. ఆధార్‌లో 'వెంకట సత్యనారాయణ', ఎఫ్‌ఐఆర్‌లో ఊళ్లో పిలిచే 'సత్తిబాబు' అని ఉంటే ఇద్దరూ ఒకరేనని మళ్లీ రుజువు చేసుకోవాల్సిన గొడవ. వాంగ్మూలం ఇచ్చేటప్పుడే ఆధార్ కార్డు బల్ల మీద పెట్టండి.

ఎక్కడ ఇవ్వాలి?

ఘటన జరిగిన జిల్లా కలెక్టర్ పేరిట అర్జీ రాయండి. అమలాపురం కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చినా తీసుకుంటారు గానీ, ఎస్పీ నివేదిక ఘటన జరిగిన జిల్లా నుంచే రావాలి. నన్నడిగితే ఒక ప్రతి ఇక్కడ, ఒకటి అక్కడ ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోవడం మేలు. కలెక్టర్ అధ్యక్షతన ఎస్పీ, వైద్యాధికారి వగైరాలున్న కమిటీ అర్హత తేలుస్తుంది. డబ్బు ముందు రాష్ట్రం ఇస్తుంది, తర్వాత కేంద్రం దగ్గర రాబట్టుకుంటుంది.

సాయం ముందుగా భార్యకు లేదా భర్తకు. రాష్ట్రం ఎక్స్‌గ్రేషియా ఇచ్చినా ఇది ఆగదు. ఇదే ఘటన కారణంగా ఇంట్లో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చి ఉంటే మాత్రం రాదు. ఉద్యోగం ఇస్తామన్న మాట నోటిమీదే ఉంటే దాన్ని నమ్ముకుని దరఖాస్తు ఆపుకోకండి.

డబ్బు చేతికి ఎప్పుడు?

5 లక్షలూ ఒకేసారి చేతిలో పెట్టరు. లబ్ధిదారు పేరిట బ్యాంకులో మూడేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు. వడ్డీ మూడు నెలలకోసారి సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. 7 శాతం అనుకుంటే విడతకు 8,750 రూపాయలు. మూడేళ్లూ వచ్చేది అంతే. కాబట్టి మంజూరు ఉత్తర్వు చూపించి అప్పులవాళ్లకు ఫలానా నెలలో అసలు తీర్చేస్తామని మాటివ్వకండి.