ఎక్మో పాఠాలు – 4: గొట్టం కొన జరిగిందా?

రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ నింపి తిరిగి శరీరంలోకి పంపే యంత్రం ఎక్మో. దాని పంపు వేగం పెంచితే రక్త ప్రవాహం పెరుగుతుందని గత పాఠంలో చూశాం. పెరగని సందర్భం ఈసారి.

చిత్తూరులో వీవీ ఎక్మో (సిర నుంచి తీసి సిరలోకే తిరిగి పంపే పద్ధతి) మొదలుపెట్టిన రోగిని తిరుపతికి తెచ్చారనుకుందాం. దాదాపు 70 కిలోమీటర్ల ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. స్ట్రెచర్ నుంచి మంచం మీదికి మార్చగానే రక్తం లాగే గొట్టం దడదడ వణకడం మొదలైంది, ప్రవాహం పడిపోయింది. ఆర్‌పీఎం (పంపు నిమిషానికి తిరిగే చుట్లు) పెంచాలనిపిస్తుంది. పెంచకండి. లాగుడు ఎక్కువైతే సిర గోడ క్యాన్యులా (సిరలో పెట్టిన గొట్టం) రంధ్రాలకు అతుక్కుంటుంది, ఎర్రకణాలు పగులుతాయి. లాగే వైపు పీడనం మైనస్ 100 mmHg దాటి కిందికి దిగితే కలవరపడాల్సిందే. వణుకు ఆగేదాకా వేగం కొద్దిగా తగ్గించి, అప్పుడు కారణం వెతకండి.

గొట్టం ఎక్కడైనా మడతపడిందా? చర్మం దగ్గరి సెంటీమీటరు గుర్తు, మొదట రాసుకున్న అంకె ఒకటేనా? అది మారకపోతే దగ్గు, ఒంట్లో ద్రవం తగ్గడం, న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), గుండె చుట్టూ రక్తం చేరడం, ఉబ్బిన పొట్ట వంటివి చూడాలి. వెంటనే సెలైన్ ఎక్కించే అలవాటు నాకు నచ్చదు. దెబ్బతిన్న ఊపిరితిత్తులకు అది అదనపు భారం.

రెండో చిక్కు చప్పుడు చేయదు. రోగి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) తగ్గుతుంటుంది, ఆక్సిజనేటర్‌లోకి (ఆక్సిజన్ నింపే భాగంలోకి) వెళ్లే రక్తం మాత్రం ఎర్రబడుతుంది. రక్తం లాగే గొట్టం, తిరిగి పంపే గొట్టం – ఈ రెండింటి రంగూ పక్కపక్కనే పోల్చండి. తేడా చెరిగిపోతుంటే రీసర్క్యులేషన్‌ను అనుమానించండి. ఆక్సిజన్ నింపుకున్న రక్తం శరీరానికి అందకుండా మళ్లీ పంపులోకే పోతోందన్నమాట. రక్తం లాగే తొడ గొట్టం కొన దిగువ మహాసిర గుండె కుడి కర్ణికను కలిసే చోట, తిరిగి పంపే మెడ గొట్టం కొన ఎగువ మహాసిర కలిసే చోట ఉండాలి. అవి దగ్గరైతే ఈ తిప్పలు. ఇక్కడ వేగం పెంచితే తిరిగి లాగడమే పెరుగుతుంది. తగ్గిస్తే ఒక్కోసారి రోగి సాచురేషన్ మెరుగవుతుంది.

ఎక్స్‌రే తీయించండి, కానీ పూర్తిగా నమ్మకండి: కొన్ని క్యాన్యులాల్లో లోపలి తీగచుట్ట అసలు కొన కంటే ముందే ఆగిపోతుంది. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చూస్తేనే తేలుతుంది.

కొనను సరిచేయడం వైద్యుల పని. ఎకో చూస్తూనే చేస్తారు. బయటికి వచ్చిన భాగాన్ని లోపలికి తోయకూడదు, అది శుభ్రమైనది కాదు. వెనక్కి లాగేటప్పుడు పక్క రంధ్రం చర్మం దాటి బయటపడితే పంపు గాలి పీలుస్తుంది. పని అయ్యాక కొత్త అంకె రాసి, గొట్టాన్ని రెండు చోట్ల బిగించండి.

అభ్యాసం: ఈ షిఫ్టులో రెండు గొట్టాల రంగూ, చర్మం దగ్గరి అంకే గంటగంటకూ రాయండి. వచ్చే పాఠంలో వీఏ ఎక్మో (సిర నుంచి తీసి ధమనిలోకి పంపే పద్ధతి), తొడ ధమనిలోని గొట్టం వల్ల చల్లబడే కాలు.