అనంతపురం ఎండకూ గాలికీ తగినట్టు 50 సీసీ ఏరోబాటిక్ మోడల్ విమానాన్ని బిగించడం

పెట్రోలు ఇంజనుతో నడిచే, రేడియోతో నియంత్రిస్తూ గాలిలో పల్టీలు కొట్టించే 50 సీసీ తరగతి ఏరోబాటిక్ మోడల్‌కు రెక్కల పొడవు సుమారు 2.2 మీటర్లు, ఎగిరే బరువు 7 నుంచి 8 కిలోలు ఉంటుంది. ఇది చాలావరకు తయారై, బాల్సా చెక్క మీద రంగు ఫిల్మ్ అతికించి వచ్చే ఏఆర్ఎఫ్ కిట్టుగానే దొరుకుతుంది కాబట్టి, నాలుగు సాయంత్రాల్లో పూర్తి చేయవచ్చని కొన్నవారు అనుకుంటారు. మన ఊళ్లో దానికి రెట్టింపు సమయం కేటాయించుకోవాలని నా సలహా.

పెట్టె తెరిచిన తరువాత మొదట చేయవలసింది ఫిల్మ్ పని. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన కారులో వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఒక మధ్యాహ్నం కారు వెనుక సీటులో వదిలేసిన నా రెక్క మీద ఫిల్మ్ సాయంత్రానికి ముడతలు పడి, పులుసులో నానిన అప్పడంలా కనిపించింది. అందువల్ల సీలింగ్ ఐరన్‌ను (ఫిల్మ్ అతికించే చిన్న ఇస్త్రీపెట్టెను) తక్కువ వేడి మీద ఉంచి ముందుగా అతుకులను, అంచులను గట్టిగా ఒత్తి, ఆ తరువాతే మధ్యభాగాన్ని బిగువు చేయాలి. ఈ క్రమం తప్పి మధ్యభాగాన్ని ముందు బిగిస్తే అది ముడుచుకుంటూ అతుకులను లాగేస్తుంది. రెక్కల అడుగున పైరంగుకు పూర్తిగా భిన్నమైన వెడల్పు పట్టీలను అప్పుడే అతికించుకోవడం మంచిది, ఎందుకంటే తెల్లని ఎండలో విమానం తలకిందులుగా ఉందో నిటారుగా ఉందో చెప్పేది ఆ పట్టీలే.

తరువాతది హింజ్‌ల పని, అంటే రెక్కకూ తోకకూ కదిలే పలకలను కలిపే కీళ్ల పని. ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టాలి. ఐలరాన్ (రెక్క వెనుక అంచు పలక), ఎలివేటర్ (తోక మీద అడ్డంగా ఉండే పలక), రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండే పలక) హింజ్‌లన్నిటినీ ముందు జిగురు లేకుండా అమర్చి, అవి ఒకే సరళరేఖలో ఉన్నాయో లేదో, ఆ కదిలే ఉపరితలం రెండు వైపులా 45 డిగ్రీల వరకు తడబడకుండా కదులుతోందో లేదో చూసుకోవాలి. ఆ తరువాత హింజ్ కీలు భాగానికి కొంచెం వాసెలిన్ పూసి, రంధ్రంలో ఎపాక్సీ వేసి దించితే, జిగురు కీలులోకి పోయి బిగుసుకుపోదు. ఐదు నిమిషాల ఎపాక్సీని ఇక్కడ వాడకపోవడమే మేలు: మన వేడికి అది హింజ్‌ను సరిచేసుకునేలోపే గట్టిపడుతుంది. ముప్పై నిమిషాల రకాన్ని తీసుకుని, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పని చేయాలి. రెక్కకూ ఐలరాన్‌కూ నడుమ మిగిలిన సందును అడుగువైపు నుంచి పారదర్శకమైన టేపుతో మూయాలి. సందు తెరిచి ఉంటే వేగంలో ఉపరితలం అదిరే ఫ్లట్టర్‌కు అవకాశం పెరుగుతుంది, అది మొదలైతే రెండు క్షణాల్లో ఐలరాన్ ఊడిపోవచ్చు.

సర్వోలను (ఉపరితలాలను కదిపే చిన్న మోటార్లను) బిగించేటప్పుడు రేడియోలో (చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్‌లో) ట్రిమ్ అనే సవరణ సున్నా వద్ద ఉండగానే సర్వో ఆర్మ్ పుష్‌రాడ్‌కు (ఉపరితలాన్ని లాగే కడ్డీకి) 90 డిగ్రీల కోణంలో ఉండేలా ఆర్మ్ కూర్చునే పంటిని (స్ప్లైన్‌ను) ఎంచుకోవాలి. సర్వో ఆర్మ్ పొడవునూ, పుష్‌రాడ్ రెండో కొన తగిలించే హార్న్ రంధ్రాన్నీ సరిగా ఎంచుకుని కావలసిన కదలికను యాంత్రికంగా సాధించాలి తప్ప, రేడియోలో సర్వో కదలిక పరిధిని సగానికి తగ్గించి కాదు, ఎందుకంటే అలా తగ్గిస్తే సర్వో బలం, సున్నితత్వం రెండూ వృథా అవుతాయి. లోహపు బోల్టు లోహంలోకి వెళ్లే ప్రతిచోటా థ్రెడ్‌లాక్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క తప్పనిసరి. ప్లాస్టిక్ మీద మాత్రం అది పడకూడదు, పగుళ్లు తెస్తుంది.

ఇంజను విషయంలో అసలు మార్పు శీతలీకరణలో చేయాలి. ముక్కు కవచం లోపల పలుచని బాల్సా అడ్డుతెరలు పెట్టి, వచ్చిన గాలి పక్కలనుంచి తప్పించుకోకుండా సిలిండర్ చుట్టూ ఉండే శీతలీకరణ రేకుల మీదుగానే పోయేటట్టు చేయాలి. గాలి బయటికి పోయే రంధ్రం లోపలికి వచ్చేదానికి కనీసం రెట్టింపు ఉండాలి, లేకపోతే వేడి గాలి లోపలే నిలిచిపోతుంది. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది కాబట్టి, ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేసి, ఆట ముగిశాక ట్యాంకు ఖాళీ చేయడం అలవాటు చేసుకోవాలి. ఈ తరగతికి 22 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల పిచ్ (ఒక చుట్టులో ముందుకు సాగే దూరం) ఉన్న ప్రొపెల్లర్ సాధారణంగా సరిపోతుంది. చెక్క ప్రొపెల్లర్ అయితే మొదటిసారి నడిపాక బోల్టులను మళ్లీ బిగించాలి, చెక్క అణుగుతుంది.

రిసీవర్‌కు (విమానంలో రేడియో సంకేతాలు అందుకునే పరికరానికి) రెండు బ్యాటరీలు, ఇగ్నిషన్‌కు వేరే బ్యాటరీ పెట్టాలి. భారకేంద్రాన్ని ట్యాంకు ఖాళీగా ఉంచి చూడాలి. తయారీదారు చెప్పిన పరిధిలో ముందువైపు అంచు నుంచే మొదలుపెట్టి, బరువు చేర్చే ముందు బ్యాటరీలను జరిపి సరిచేయాలి.

చివరగా మైదానం. వేరుశనగ కోసిన చేలలో నేల గట్టిగానే ఉన్నా గులకరాళ్లు ప్రొపెల్లర్‌ను గాటు పెడతాయి, కాబట్టి కిట్టులోని చక్రాల కంటే పెద్ద చక్రాలు వేయాలి, పరుగు దారిని ముందుగా చీపురుతో ఊడ్పించాలి. ఆషాఢ మాసంలో రామగిరి గాలిమరలను తిప్పే గాలే మన మీద కూడా వీస్తుంది. మొదటి ప్రయాణానికి ఆ కాలం వద్దు, శీతాకాలపు ఉదయం కావాలి. స్థలం ఏ గగనతల జోన్‌లో ఉందో డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ఉన్న ప్రభుత్వ వేదిక) పటంలో చూసుకున్నాక, రేడియో శక్తిని తగ్గించే పరీక్ష స్థితిలో పెట్టి ముప్పై అంగలు దూరం నడిచి, ఇంజను ఆగి ఉన్నప్పుడొకసారి, నడుస్తున్నప్పుడొకసారి అన్ని ఉపరితలాలనూ కదిపి చూడాలి. నడుస్తున్నప్పుడు తోకను మరొకరు గట్టిగా పట్టుకుని ఉండాలి, ప్రొపెల్లర్ ముందు గానీ దాని తిరుగుడు తలంలో గానీ ఎవరూ నిలబడకూడదు. అదే సమయంలో ట్రాన్స్‌మిటర్‌ను ఆపి, ఫెయిల్‌సేఫ్ (సంకేతం తెగినప్పుడు పనిచేసే రక్షణ ఏర్పాటు) ఇంజను వేగాన్ని తగ్గిస్తోందా అని గమనించాలి.