సైబర్‌పంక్ హీరో కోటును క్యారెక్టర్ షీటు మీదికి దించడం ఎట్లా

సినిమాలో చూసిన సైబర్‌పంక్ హీరో (మనుషుల ఒళ్లల్లో యంత్రాలు కలిసిపోయిన రేపటి ఊళ్ల కథల హీరో) వేషాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ ఆడే టేబుల్‌టాప్ ఆటలో మీ క్యారెక్టర్‌కు తొడిగితే మొదటి సెషన్‌లోనే రెండు దెబ్బలు తగులుతాయి. "నల్ల పొడుగు కోటు, నల్ల కళ్లద్దాలు" అనగానే చుట్టూ కూర్చున్న మిగతా ముగ్గురు కూడా "మాదీ గదే" అంటారు. అరగంటకు ఒక తూటా నెత్తికి తగులుతుంది, నెత్తి మీద ఏమీ ఉండదు. సినిమా వేషం కెమెరా కోసం కుట్టింది. గేమ్‌లో కెమెరా లేదు, అక్కడ వేషాన్ని మోసేవి మీ నోటి మాట, క్యారెక్టర్ బలాబలాలు రాసుకునే షీటు మీది అంకెలు.

ముందు నెత్తి సంగతి. సినిమాలో హీరో మొహం కనబడి తీరాలి, అందుకే ఎంత కాల్పుల్లోనైనా వట్టి నెత్తితోనే ఉరుకుతాడు. 1987 నాటి రోబోకాప్‌లా పెదవులు, గడ్డం మాత్రమే చూపించి సినిమాలో ఎక్కువ భాగం నడిపించడం అరుదు. 2020లో వచ్చిన 'సైబర్‌పంక్ రెడ్' రూల్స్ ప్రకారం ఒంటికి, తలకు కవచం వేరువేరుగా కొనాలి. తలకు గురిపెట్టి కొట్టేవాడికి చెక్‌లో, అంటే పాచిక వేసి చూసే పరీక్షలో, 8 తగ్గుతుంది గానీ, తగిలితే కవచం దాటి వచ్చిన దెబ్బ రెట్టింపు అవుతుంది. కాబట్టి వేషం ఆలోచించేటప్పుడు తలపాగా, హెల్మెట్, గొంగడి కొప్పెర (తల మీదుగా మడిచి కప్పుకునేది) ఏదో ఒకటి మొదటే తేల్చుకోండి. చివర్లో అతికిస్తే అతికించినట్టే ఉంటుంది.

కోటుకు కూడా ఇదే లెక్క. తోలు బట్టలకు ఎస్పీ (దెబ్బలో కవచం ఆపే అంకె) 4, కెవ్లార్‌కు 7, లైట్ ఆర్మర్‌జాక్‌కు 11. ఈ మూడింటితో కదలికకు ఏ కోతా ఉండదు. హెవీ ఆర్మర్‌జాక్ 13 ఇస్తుంది కానీ రెఫ్ (చురుకు), డెక్స్ (ఒడుపు), మూవ్ (నడక వేగం) మూడింట్లో 2 చొప్పున కోస్తుంది. ఫ్లాక్ 15 ఇచ్చి 4 కోస్తుంది. సినిమా హీరోలా గోడలెక్కి దూకాలనుకునే వేషానికి 11 దగ్గర ఆగడమే తెలివి. బయటికి తోలు కోటులా కనిపించేలా, లోపల ఆర్మర్‌జాక్ అని ఆట నడిపే గేమ్ మాస్టర్‌తో ముందే మాట్లాడుకోండి.

ఇక వేషాన్ని విప్పి చూడటం. నచ్చిన సీను దగ్గర సినిమా ఆపి, హీరో ఆకారం చుట్టూ గీత గీసి, లోపలంతా పెన్సిల్‌తో నల్లగా నింపేయండి. అప్పటికీ ఎవరో గుర్తుపట్టగలిగితే ఆ ఆకారంలో పనికొచ్చే ముక్క ఉన్నట్టు. అది మెడ దగ్గర నిలబెట్టిన కాలరా, మోకాలు దాటిన అంచా, భుజాల వెడల్పా? ఆ ఒక్కటే తీసుకోండి, మిగతాది వదిలేయండి. 1982 నాటి బ్లేడ్ రన్నర్‌లో హీరో ఒంటి మీద భవిష్యత్తు సామాను దాదాపు లేదు. 1940ల డిటెక్టివ్‌లు తిరిగిన తీరులో పొడుగు కోటు, గళ్ల చొక్కా, టై, వాటిమీద ఆగని వాన. అంటే పాత పనివాడి బట్టలు, కొత్త ఊరు. 1999 నాటి మేట్రిక్స్ దీనికి తిరగేసింది. కంప్యూటర్ చూపించే కల లోపల మెరిసే నల్ల కోట్లు, నిజలోకంలో వాళ్లు తిరిగే ఓడలోకి వస్తే చిరుగులు పడ్డ స్వెటర్లు. నెట్‌రన్నర్ (నెట్‌లోకి దూరే హ్యాకర్ పాత్ర) ఆడేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. నెట్‌లో కనబడే రూపం ఒకటి, కుర్చీలో వాలి ఉన్న ఒళ్లు ఇంకొకటి, రెండూ రాసుకోండి.

పాత పనివాడి బట్టలు వెతకడానికి లాస్ ఏంజిలస్ దాకా పోనక్కర్లేదు. మే నెల రామగుండంలో తోలు కోటు తొడుక్కున్నవాడు తూటాకంటే ముందు ఎండకు పడిపోతాడు, ఆ కథను ఎవరూ నమ్మరు. అదే వానాకాలం రాత్రి కాజీపేట జంక్షన్ దగ్గర గొర్లకాపరి గొంగడిని తల మీదుగా మడిచి కప్పుకుంటే, ఆ ఆకారం ముందు ఏ సినిమా కోటూ నిలవదు. తల కూడా అందులోనే కప్పుకుపోతుంది. సింగరేణి గని హెల్మెట్, దాని మీది దీపం టెక్ (యంత్రాలు బాగుచేసే) పాత్రకు బంగారం. సినిమాల్లో వెలుగు బయటి నియాన్ బోర్డుల నుంచి హీరో మొహం మీద పడుతుంది, గని దీపం వెలుగు మాత్రం ఎదుటివాడి మీద పడి మనిషిని చీకట్లో దాస్తుంది. క్రోమ్ బదులు పెంబర్తి ఇత్తడి రేకు, సన్నటి వైరింగ్‌కు కరీంనగర్ వెండి తీగ పని. గ్యాంగు రంగు కావాలంటే తంగేడు పసుపు చాలు, ఇక్కడ పుట్టినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు నోటితో చెప్పే మాట. మూడు వివరాలకు మించొద్దు: దూరం నుంచి ఆకారం, చేతికందే దూరంలో ఒక వస్తువు, మూడోది చప్పుడో వాసనో. ఆ వాసనను సినిమా హీరో ఎన్నటికీ ఇవ్వలేడు, మీరు పైసా ఖర్చు లేకుండా ఇవ్వగలరు. ఉదాహరణకు: "తడిసిన గొంగడి వాసన ముందు వస్తుంది, వెనక మనిషి వస్తాడు. ఎడమ చెయ్యి మోచేతి కాడి నుంచి ఇత్తడి, చాయ్ గ్లాసు పట్టుకుంటే టంగుమంటుంది." పది సెకన్లలో అయిపోవాలి. బట్టల జాబితా చదివితే మూడో వస్తువు దగ్గరే ఫోన్లు బయటికొస్తాయి.

ఆ ఇత్తడి చేతికి ధర కూడా ఉంటుంది. రెడ్‌లో క్యారెక్టర్ తయారీ వేళ సైబర్‌చెయ్యి పెడితే హ్యుమానిటీ (మనిషితనం లెక్క) 7 పోతుంది. ఈఎంపీ (ఎంపతీ, ఎదుటివాళ్ల మనసు పట్టే గుణం) 6 ఉంటే హ్యుమానిటీ 60తో మొదలవుతుంది. అది 53కు దిగితే ఈఎంపీ 5 అయినట్టే, మాటలతో మనుషుల్ని పసిగట్టే చెక్‌లన్నీ దాంతోపాటు పడిపోతాయి. 'షాడోరన్' అనే ఇంకో గేమ్ ఐదో ఎడిషన్‌లో ఎసెన్స్ (ఒంట్లో యంత్రాలు పెరిగేకొద్దీ తరిగే అంకె) 6తో మొదలవుతుంది. పూర్తి చెయ్యి లోహమని తెలిసేలా ఉన్నా, చర్మంలా కనబడినా ఎసెన్స్ 1 పోతుంది. కానీ తెలిసిపోయే చేతిలో సామాను పట్టే జాగా 15, చర్మంలాంటి దాంట్లో 8. లోహాన్ని చర్మంలా దాచుకుంటే జాగా దాదాపు సగమవుతుంది. రెంటిలో ఏది కావాలో బొమ్మ గీయకముందే తేల్చుకోండి.

చివరికి బల్ల మీద మీ క్యారెక్టర్‌గా నిలబెట్టే 28 మిల్లీమీటర్ల బొమ్మ. సినిమా నలుపు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. అచ్చమైన నల్ల రంగు వేస్తే మూడడుగుల దూరానికి బొగ్గు ముక్కలా కనబడుతుంది. బొమ్మను గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టి, ఆటోమొబైల్ పెయింట్ దుకాణంలో దొరికే బూడిద రంగు స్ప్రే ప్రైమర్‌ను (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టి, చిన్న చిన్న ఊపుల్లో కొట్టండి. మన ఎండాకాలం మధ్యాహ్నం కొడితే రంగు గాలిలోనే ఆరి ఇసుక చల్లినట్టు దిగుతుంది, ముసురు పట్టిన రోజు కొడితే తెల్లగా మసకబారుతుంది. పొడిగా ఉన్న రోజు పొద్దున కొట్టుకోండి.

కోటుకు నలుపు నాలుగు పాళ్లు, నీలం ఒక పాలు, చుక్క తెలుపు. స్టేషనరీ దుకాణం ఆక్రిలిక్ చిక్కగా ఉంటుంది, దాదాపు సమానంగా నీళ్లు కలిపి రెండు పల్చటి పూతలు వేయండి. ఒక్క మందపు పూత వేస్తే కళ్లు, గుండీలు పూడిపోతాయి. అచ్చ నలుపు మడతల్లోకే. తోలైతే అంచుల మీద సన్నటి, పదునైన లేత గీతలు. గొంగడికి మెరుపు ఉండదు, అరిగిన కుంచెతో పొట్టిగా పొడవండి. ఇత్తడి చేతికి మామూలు బంగారు రంగు వాడొద్దు, అందులోని మెరుపు ముక్కలు ఈ సైజుకు గులకరాళ్లలా కనిపిస్తాయి. పసుపు కలిసిన గోధుమ రంగు వేసి, ముదురు గోధుమను ఏడు పాళ్ల నీళ్లలో కలిపి సందుల్లోకి వదిలి, ఆరాక పైఅంచుకు తెలుపుకు దగ్గరి పసుపు గీత పెట్టండి.

వెలుగు ఒక్క చోటి నుంచే రావాలి. దీపం అద్దానికి తెల్లటి చుక్క, చుట్టూ పల్చటి పసుపు, ఆ తర్వాత దీపానికి ఎదురుగా ఉన్న భాగాలకు మాత్రమే ఇంకా పల్చగా. దీపం కంటే చెయ్యి ఎక్కువ వెలిగిందంటే అక్కడ చెడిందన్నమాట, బూడిద నీలంతో మళ్లీ తగ్గించండి. తడి రోడ్డు కోసం బొమ్మ నిలబడే బేస్ మీద రంగులేని గోళ్ల రంగు పనికొస్తుంది. ఒక్కసారి పూసి వదిలేయాలి, రుద్దితే కింది ఆక్రిలిక్ లేచి వస్తుంది.

వాడేకొద్దీ వేషం మారనివ్వండి. సినిమాలో కోటు చిరిగితే ఇంకో కాపీ ఉంటుంది. రెడ్‌లో దెబ్బ కవచం దాటిన ప్రతిసారీ ఎస్పీ ఒకటి తగ్గుతుంది. ఆ సెషన్ కాగానే షీటు మీద 11ను 10 చేసి, బొమ్మ కోటు మీద అదే చోట సన్న కుంచెతో బూడిద చుక్క పెట్టండి. కవచం బాగు చేయించినప్పుడు దాన్ని చెరపకుండా, ఎర్ర దారంతో కుట్టినట్టు అడ్డంగా రెండు గీతలు గీయండి.